వెనక నిలబడినవాడి పాట

రాయలసీమలో పుట్టి చెక్కభజన చూడని వాళ్ళు తక్కువ. శ్రీరామనవమికో, ఊరి జాతరకో గుడి ముందర నేల చదును చేసి నీళ్ళు చల్లుతారు. పదిమందో ఇరవైమందో గుండ్రంగా నిలబడతారు. కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు, ఆ చెక్కల సందుల్లో లోహపు బిళ్ళలు. నడుమ గురువు. ఆయన పల్లవి ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు. ఆయన అడుగు మారిస్తే వలయమంతా అడుగు మారుస్తుంది.

మనం బయట నిలబడి చూస్తాం కాబట్టి పాట మనకు ఎదురుగానే ఉంటుంది. గురువు వినేది ఆ పాట కాదు. ఒక చెక్కల జత ఆయన ఎడమ చెవి పక్కన మోగి, వీపు వెనకగా నడిచి, కాసేపటికి కుడి చెవి దగ్గర తేలుతుంది. దాని వెంటే ఇంకొకటి. పాట ఆయన చుట్టూ తిరుగుతుంటుంది.

ఆయన చెవికి వినబడే ఆ పాటను రికార్డు చెయ్యడం ఈ కాలంలో పెద్ద పనేమీ కాదు. చుట్టూరా వినే మైకులు వచ్చాయి. అరచేతిలో ఇమిడే రికార్డర్లూ వచ్చాయి. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. నాలుగు దిక్కుల శబ్దాన్ని రెండు ట్రాకుల్లోకి మడిచి పెట్టాలి. ఎందుకంటే లోకంలో శబ్దం ప్రయాణించే దారులు ఎక్కువగా రెండు ట్రాకులవే. క్యాసెట్టుకు ఒక వైపున రెండు, సీడీకి రెండు, ఎఫ్.ఎం. రేడియోకు రెండు, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు రెండు. ఆ రెండూ కూడా అందరికీ దక్కవు. మీరు నన్ను ఇప్పుడు 333.3 మీటర్లు, అంటే 900 కిలోహెర్ట్జ్ మీద కడప కేంద్రం మీడియం వేవ్‌లో వింటున్నారనుకోండి, మీ దగ్గరికి వస్తున్నది ఒకటే ట్రాకు. 1963లో ఈ కేంద్రం మొదలైన నాటినుంచీ మీడియం వేవ్ ఒంటి దారే. చేనుగట్టున చెట్టుకొమ్మకు తగిలించిన రేడియోకు స్పీకరు ఒకటే. టీకొట్టు బల్లమీద సెల్‌ఫోన్ పెట్టుకుని పాట వింటున్న కుర్రవాడికీ, చవక బ్లూటూత్ డబ్బా వాడికీ కూడా అంతే. స్టీరియో వచ్చి ఇన్నేళ్ళయినా చాలామంది ఇంకా ఒక స్పీకర్లోనే వింటున్నారు.

అందుకని ఒకే రికార్డింగ్ ముగ్గురికి పనికిరావాలి. ఇంట్లో నాలుగైదు స్పీకర్లు పెట్టుకున్న ఆసామికి, రెండు స్పీకర్లున్న ఆయనకి, ఒక్క స్పీకరే ఉన్న మనిషికి. ఈ ముగ్గురినీ కలిపి మెప్పించాలని దాదాపు వందేళ్ళుగా జరిగిన ప్రయత్నం గురించి, అందులో ఎవరి గొంతు నిలిచింది, ఎవరి గొంతు మాయమైంది అన్నదాని గురించి చెప్తాను.

మొదట స్టీరియో సంగతి. 1931 డిసెంబరులో అలన్ బ్లమ్లీన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, ఇ.ఎం.ఐ. సంస్థలో పనిచేస్తూ, ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఆయన పేటెంటులో చాలా సంగతులున్నాయి గానీ మనకు కావలసింది ఒకటే. ఎడమ, కుడి అనే రెండు ట్రాకులను ఎడమ, కుడిగానే దాచనక్కరలేదు. రెండింటినీ కలిపి ఒక ట్రాకు చెయ్యొచ్చు, ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేసి రెండో ట్రాకు చెయ్యొచ్చు. కూడిక, తీసివేత. ఈ రెండూ చేతిలో ఉంటే మళ్ళీ ఎడమనూ కుడినీ రాబట్టుకోవడం బడిపిల్లలు చేసే లెక్క.

చిన్నదిగా కనిపించే ఈ కిటుకే స్టీరియోను బతికించింది. 1958లో అంగళ్ళకొచ్చిన స్టీరియో గ్రామఫోన్ రికార్డులో గాడి అడ్డంగా ఊగితే కూడిక, నిలువుగా ఊగితే తీసివేత. ఒకే ట్రాకున్న పాత మోనో రికార్డుల్లో గాడి అడ్డంగానే ఊగేది కాబట్టి అదే అలవాటు కొత్త రికార్డుకూ సరిపోయింది. ఎఫ్.ఎం. రేడియోలోనూ ఇదే. 1961లో అమెరికా ఆమోదించిన పద్ధతి ఇప్పటికీ మన కర్నూలు, హైదరాబాదు వరకూ నడుస్తున్నది. 15 కిలోహెర్ట్జ్ లోపు కూడికను పంపుతారు. 38 కిలోహెర్ట్జ్ చుట్టూ తీసివేతను మోస్తారు. నడుమ 19 దగ్గర ఒక సన్నటి ఈల దారి చూపిస్తుంటుంది. మామూలు రేడియోకు ఆ పైనున్నవేవీ అర్థం కావు, కూడికను మాత్రం విని ఊరుకుంటుంది. ఏమీ పోయినట్టు దానికి తెలియదు. నిజంగానే పోయేది తక్కువ, ఎందుకంటే ఎడమవాడూ కూడికలో ఉన్నాడు, కుడివాడూ ఉన్నాడు.

చిక్కు నాలుగు దిక్కులు వచ్చినప్పుడు మొదలైంది. 1970 ప్రాంతాల్లో నాలుగు స్పీకర్ల సంగీతం అని పాశ్చాత్య దేశాల్లో పెద్ద హడావుడి జరిగింది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. నాలుగు ట్రాకులను రెండింట్లో ఎట్లా ఇరికించాలి? సి.బి.ఎస్. సంస్థ 1971లో ఎస్.క్యూ. అనే పద్ధతి తెచ్చింది. జపాన్ సాన్సూయి కంపెనీది క్యూ.ఎస్. పేర్లు తిరగేసినట్టున్నా లెక్కలు వేరు. రెండూ వాడుకున్నది మాత్రం ఒకే గుణాన్ని, ఫేజ్.

ఫేజ్ అంటే శబ్దం అలలో ఎక్కడ ఉంది అన్న సంగతి. స్పీకరు ముందుకు నెట్టినప్పుడు గాలి ఒత్తిడి పెరుగుతుంది, వెనక్కి లాగినప్పుడు తగ్గుతుంది. ఒకే శబ్దాన్ని ఎడమ ట్రాకులో ముందుకు నెట్టించి, కుడి ట్రాకులో అదే క్షణంలో వెనక్కి లాగించామనుకోండి. ఇయర్‌ఫోన్లలో వినేవాడికి అది తల వెనకనుంచో, తలలోపలనుంచో వస్తున్నట్టు వింతగా ఉంటుంది. డీకోడర్ అనే యంత్రం ఆ తేడాను పట్టుకుని, ఇది వెనకది అని వెనక స్పీకరుకు పంపుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఒక స్పీకరున్న వాడి దగ్గర రెండు ట్రాకులూ కలిసినప్పుడు? బండికి ముందు ఒక ఎద్దును, వెనక ఒక ఎద్దును కట్టి ఒకేసారి అదిలించినట్టు ఉంటుంది. రెండూ సమానంగా లాగుతాయి, బండి కదలదు. శబ్దం సున్నా.

ఎస్.క్యూ. లెక్కను కాగితం మీద వేసి చూడండి. సరిగ్గా వెనక, నడుమన నిలబడినవాడి గొంతు ఎడమ ట్రాకులో ఎంతో, కుడి ట్రాకులో సరిగ్గా దానికి ఎదురుగా అంతే. క్యూ.ఎస్.లోనూ వెనక నడిమివాడి గతి అంతే. మోనోలో ఇద్దరూ లేరు. గొంతు తగ్గడం కాదు, మొత్తానికే పోవడం.

ఇప్పుడు మన చెక్కభజనను ఈ పద్ధతిలో రికార్డు చేసి మీడియం వేవ్ మీద వేశారనుకోండి. గురువు గుడివైపు మొహం పెట్టి ఉన్నాడు. వలయం తిరుగుతోంది. ముందున్న జత ఖంగుమని మోగుతుంది. పక్కకు పోతుంది, కొంచెం తగ్గుతుంది. వీపు వెనక్కి వచ్చేసరికి ఉన్నట్టుండి మాయం. ఆ తర్వాత ఇంకో పక్కన మళ్ళీ పుడుతుంది. వెనక సరిగ్గా నిలబడి ఒక ముదుసలి ఆటగాడు ఒక్కడే గొంతెత్తి రాగం తీశాడంటే, సిద్దవటంలోనో బద్వేలులోనో రేడియో దగ్గర కూర్చున్న ఆయన కొడుక్కి వినబడేది నిశ్శబ్దం. మా నాయన పాడనేలేదు అనుకుంటాడు.

ఇదే పద్ధతి సినిమాకు పోయి అక్కడ మాత్రం మంచి పేరు తెచ్చుకుంది. ఎందుకో చెప్తాను, దానికి న్యాయమైన కారణమే ఉంది.

తెలుగులో మొట్టమొదటి 70 ఎం.ఎం. సినిమా 1986లో కృష్ణ తీసిన సింహాసనం. దానికి ఆరు ట్రాకుల స్టీరియో శబ్దం. 70 ఎం.ఎం. ఫిల్ము మీద అయస్కాంతపు పట్టీలు పూసి ఆరు ట్రాకులూ వేటికవి విడిగా రాసేవారు. మడత పెట్టడం ఉండేది కాదు, పోగొట్టుకోవడం ఉండేది కాదు. ఖర్చు మాత్రం ఉండేది. పట్టీ పూసిన ప్రింటు చాలా ఖరీదు, ఆడేకొద్దీ పట్టీ అరిగేది, దాన్ని చదివే యంత్రం ఉన్న హాళ్ళు పెద్ద ఊళ్ళలో కొన్నే ఉండేవి. మామూలు 35 ఎం.ఎం. ఫిల్ము అంచున శబ్దానికి మిగిలేది సన్నటి స్థలం, దానిలో వెలుతురుతో చదివే గీత. డాల్బీ వాళ్ళు 1970ల నడుమ ఆ ఒక్క గీత స్థలంలో రెండు గీతలు పక్కపక్కన పెట్టి, ఆ రెండింట్లో నాలుగు దిక్కులు దాచారు. ఎడమ, నడుమ, కుడి, హాలు గోడలకుండే సరౌండ్. 1977లో స్టార్ వార్స్‌తోనే ఈ పద్ధతి లోకానికి తెలిసింది.

అందులో నడుమ ట్రాకును, అంటే మాటలను, రెండు గీతల్లోనూ సమానంగా, మూడు డెసిబెళ్ళు తగ్గించి వేసేవారు. సరౌండును కూడా రెండింట్లో వేసేవారు, కానీ ఒకదాంట్లో ఫేజ్‌ను 90 డిగ్రీలు ముందుకు, ఇంకోదాంట్లో 90 డిగ్రీలు వెనక్కి జరిపి. మొత్తం 180 డిగ్రీల తేడా. మళ్ళీ ఎద్దుల బండే.

ఆ ప్రింటును డాల్బీ లేని చిన్న ఊరి హాల్లో వేస్తే ప్రొజెక్టరు రెండు గీతలనూ కలిపి చదివేది. సరౌండ్ మొత్తం చచ్చిపోయేది. మాటలు మాత్రం రెండు గీతల్లోనూ ఒకే తీరుగా ఉన్నాయి కాబట్టి ఒకదానికొకటి తోడై ఇంకా గట్టిపడేవి. సినిమాకు ఇంతకంటే మంచి బేరం లేదు. సరౌండులో ఉండేది వాన, గాలి, జనం గోల. అవి పోయినా కథ అర్థమవుతుంది. హీరో ఏమన్నాడో వినబడకపోతే హాల్లో కుర్చీలు విరుగుతాయి. ఎవరిని కాపాడాలో, ఎవరిని వదులుకోవచ్చో ముందే తేల్చుకుని లెక్క వేశారు. ఇంట్లో వాడుకోవడానికి 1982లో డాల్బీ సరౌండ్ అని, 1987లో ప్రో లాజిక్ అని అదే లెక్క వచ్చింది. వీడియో క్యాసెట్ల మీద అచ్చమైన స్టీరియో లాగానే అమాయకంగా కూర్చుంది.

చెక్కభజనకు ఈ బేరం ఎందుకు కుదరదంటే, అక్కడ వెనకున్నవాడు వాన కాదు. వాడు కూడా పాటగాడే. కాసేపట్లో ముందుకు వచ్చేవాడు. పైగా డాల్బీ సరౌండుకు 7 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తెర పడుతుంది. చెక్కల బిళ్ళల గలగలలోని మెరుపంతా ఆ పైనే ఉంటుంది. ఇంట్లో మంచి డీకోడర్ పెట్టుకున్నవాడికి కూడా వెనక్కి పోయిన చెక్కలు మొద్దుబారినట్టు వినబడతాయి. ఇంకో ఇబ్బంది ప్రో లాజిక్‌తో. అది ప్రతి క్షణం ఏ దిక్కు శబ్దం పెద్దదో చూసి ఆ దిక్కుకు పెద్దపీట వేస్తుంది. ఒకే మనిషి మాట్లాడుతుంటే చాలా తెలివిగా పనిచేస్తుంది. ఇరవైమంది ఒక్క దరువు మీద అన్ని దిక్కులా మోగిస్తుంటే దానికి దిక్కు తోచదు.

ఇంకో దారి ఉంది, ఈ రోజు మీ ఫోన్లలో జరుగుతున్నది ఎక్కువగా అదే. బాహుబలి సినిమా 2015లో వచ్చినప్పుడు తలమీదనుంచి కూడా శబ్దం వచ్చే డాల్బీ అట్మాస్ మిక్సు చేశారు. అటువంటి మిక్సు టీవీకో ఫోనుకో చేరేటప్పుడు ట్రాకుల సంఖ్యను తగ్గించుకుంటూ వస్తారు. అయిదు దిక్కుల శబ్దాన్ని రెండుకు దించడానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒక సూత్రం ఇచ్చింది. నడిమి ట్రాకులో నూటికి దాదాపు 70 వంతులు రెండు వైపులా కలుపు, వెనక ఎడమలో అంతే ఎడమకు, వెనక కుడిలో అంతే కుడికి. ఫేజ్ జోలికి పోదు. దీంట్లో వెనకవాడు బతుకుతాడు, మోనోలో కూడా బతుకుతాడు. కాకపోతే వచ్చి ముందువాడి పక్కనే నిలబడతాడు. ముందు ఎవరో వెనక ఎవరో ఇక ఏ యంత్రమూ చెప్పలేదు. వలయం నలిగి గీతైపోతుంది. వార్తలకు, క్రికెట్టుకు చాలు. చెక్కభజనకు వలయమే పోతే ఇంకేముంది?

నాకు నచ్చిన లెక్క మూడోది. దాని వెనక ఒక రేడియో సంస్థ ఉంది, అందుకే అది మీడియం వేవ్ వాళ్ళను మర్చిపోలేదని నా నమ్మకం. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త మైఖేల్ గెర్జన్, రీడింగ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పీటర్ ఫెల్గెట్ 1970ల్లో ఆంబిసోనిక్స్ అనే పద్ధతిని కట్టారు. స్పీకర్లు ఎక్కడున్నాయని వాళ్ళు మొదట అడగలేదు. ఒక బిందువు దగ్గరికి శబ్దం ఏ దిక్కునుంచి ఎంత వస్తోంది అన్నదాన్ని రాసిపెట్టారు. నాలుగు ట్రాకులు చాలు. ఒకటి అన్ని దిక్కులనూ సమానంగా వినేది. రెండోది ముందుకూ వెనక్కూ తేడా. మూడోది ఎడమకూ కుడికీ తేడా. నాలుగోది పైకీ కిందకీ తేడా. గెర్జన్, పీటర్ క్రేవెన్ కలిసి దీనికోసం నాలుగు తలల మైకు తయారు చేశారు, నాలుగు చిన్న మైకులు నాలుగు మూలలకు చూస్తుంటాయి. సౌండ్‌ఫీల్డ్ మైకు అన్నారు. ఇప్పుడు అదే రూపంలో జేబులో పట్టే రికార్డర్లు దొరుకుతున్నాయి.

ఆ సమయంలోనే బి.బి.సి. వాళ్ళు ఎస్.క్యూ., క్యూ.ఎస్. వంటివాటిని పరీక్షించి చూశారు. కోట్లమంది మోనో శ్రోతలున్న సంస్థ వాళ్ళది. వెనకవాడు మాయమయ్యే లెక్క వాళ్ళకు పనికిరాలేదు. సొంతంగా మ్యాట్రిక్స్ హెచ్ అని ఒకటి తయారుచేసి 1977లో ప్రయోగాత్మకంగా ప్రసారం చేశారు. ఆ హెచ్, ఆంబిసోనిక్స్ వాళ్ళ 45 జె అనే లెక్క కలిసి, నాలుగు ట్రాకులను రెండింట్లోకి మడిచే యు.హెచ్.జె. అయింది.

దాని గుట్టు చాలా చిన్నది. డాల్బీలో ముందున్నవాడికి రెండు ట్రాకుల మధ్య తేడా సున్నా డిగ్రీలు, వెనకున్నవాడికి 180. యు.హెచ్.జె.లో ముందున్నవాడికి 35 డిగ్రీలు, వెనకున్నవాడికి 115. అంతే. ముందువాడి దగ్గర కొంచెం తీసుకుని వెనకవాడిని సున్నానుంచి తప్పించారు. లెక్క వేస్తే, మోనోలో ముందున్నవాడి గొంతు నూరు అనుకుంటే పక్కనున్నవాడిది 78, సరిగ్గా వెనకున్నవాడిది 56. డెసిబెళ్ళలో చెప్పాలంటే వెనకవాడు ముందువాడికంటే 5 డెసిబెళ్ళు తక్కువ. చెక్కల జత వీపు వెనక్కి పోయినప్పుడు తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. వలయం ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది గానీ ఎక్కడా తెగదు. ఇందాకటి ముదుసలి రాగం కొడుకు చెవిలో పడుతుంది.

ముందువాడు చెల్లించే ధర ఏమిటని అడగాలి. 35 డిగ్రీల తేడా వల్ల రెండు స్పీకర్లలో వింటే గురువు గొంతు ఒక చుక్క మీద నిలవదు, కొంచెం పరుచుకుంటుంది. చెవి బాగా ఉన్నవాళ్ళు, స్టూడియో ఇంజనీర్లు దీన్ని పట్టుకుని విమర్శించారు, అది అబద్ధం కాదు. సినిమా వాళ్ళు దీని జోలికి రాకపోవడానికి ఇదొక కారణమైతే కావచ్చు. పాటలో నాకు అది పెద్ద నేరంగా అనిపించదు. నాటకంలో, ఒక్క గొంతు మాట్లాడే చోట, డాల్బీ లెక్కనో మామూలు స్టీరియోనో వాడమంటాను.

మరి నాలుగు ట్రాకులు రెండైనాక మళ్ళీ నాలుగు అవుతాయా అంటే, పూర్తిగా కావు. ఎవరెన్ని యంత్రాలు అమ్మినా ఇది లెక్కల సంగతి. రెండు సమీకరణాలతో నాలుగు తెలియని అంకెలు రాబట్టలేం. యు.హెచ్.జె. రెండు ట్రాకుల్లో పైకీ కిందకీ తేడాను మొదటే వదిలేస్తుంది, మిగిలిన మూడింటిని సుమారుగా తిరిగి ఇస్తుంది. బెలుం గుహల్లో రికార్డు చేసేవాళ్ళకు ఆ పై దిక్కు పోవడం కొంచెం బాధే.

బెలుం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మునుపు కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఈ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త లెక్కలోకి తెచ్చాడు. 1982, 83లో జర్మన్ బృందం పొడవు కొలిచింది. 3,229 మీటర్లు. లోపల సప్తస్వరాల గుహ అని పిలిచే చోట వేలాడే రాళ్ళను వేలి కణుపుతో తడితే లోహం మోగినట్టు మోగుతాయి. ఆ చోట చప్పుడు కంటే దాని వెనకాల వచ్చే ప్రతిధ్వని ఎక్కువ పాడుతుంది. ప్రతిధ్వని అన్ని దిక్కులనుంచీ వస్తుంది. వెనకనుంచి వచ్చేది మోనోలో మాయమయ్యే పద్ధతుల్లో రికార్డు చేస్తే గుహ ఎండిపోయినట్టు, ఇరుకైనట్టు వినబడుతుంది. యు.హెచ్.జె.లో ఆ ప్రతిధ్వని, ముందు మోగే రాయితో పోలిస్తే, మోనోలో 2 డెసిబెళ్ళే తగ్గుతుంది. చెవికి ఆ తేడా అంతగా తెలియదు. ఒక్క స్పీకరున్న రేడియోలో కూడా గుహ గుహలాగే ఉంటుంది.

దిక్కు ముఖ్యమైన ఇంకో చోటు కడప జిల్లాలో ఉంది, లంకమల అడవి. 1848లో జెర్డన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త కనుగొన్న కలివికోడి చాలాకాలం కనబడకుండా పోయి, అంతరించిందనే అనుకుంటుండగా 1986 జనవరిలో ఇక్కడ మళ్ళీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట, కంటికి చిక్కదు. ఈ శతాబ్దం మొదట్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, రీడింగ్ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు కలిసి చేసిన పరిశోధనలో దాని కూత మొదటిసారి రికార్డయింది. పొద్దు గూకినాక కొద్దిసేపే కూస్తుంది. ఆ టేపును చీకట్లో వినిపించి బదులు పలికే చోట్లు వెతికారు. ఆంబిసోనిక్స్ ఫెల్గెట్‌దీ, కలివికోడిదీ ఒకే రీడింగ్ కావడం నాకెప్పుడూ సరదాగానే ఉంటుంది. పిట్ట పేరు చెప్పడానికి మోనో టేపు చాలు, దానికి ఈ కసరత్తేమీ అక్కర్లేదు. ఎన్ని పిట్టలు, ఏ దిక్కున, ఒకటే తిరుగుతోందా రెండు కూస్తున్నాయా అని అడిగినప్పుడే నాలుగు తలల మైకుకు పని పడుతుంది.

ఇక పల్లెల్లో రికార్డు చేసే కుర్రవాళ్ళకు నాలుగు మాటలు. చెక్కభజన వలయం నడుమ మైకు పెట్టండి, గురువును గుడివైపుకు రెండడుగులు జరగమని బతిమాలండి. లేకపోతే ఆయన గొంతు మిగిలిన అందరినీ మింగేస్తుంది. మన సీమ గాలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు, మైకుకు బొచ్చు తొడుగు లేకుండా బయటికి రావద్దు. నవమి పందిళ్ళలో జనరేటర్ చప్పుడు తప్పదు కదా, దాన్ని మైకుకు సరిగ్గా వీపు వెనక పెట్టించండి. యు.హెచ్.జె. లెక్కలో వెనకవాడు కొంచెం తగ్గుతాడు అన్నాను, అది ఇక్కడ మేలే చేస్తుంది. డాల్బీ లెక్కలోనైతే మోనోలో జనరేటర్ ఆనవాలే ఉండదు, ఆ పద్ధతిని ఒక్కసారైనా మెచ్చుకోవాల్సిన చోటు ఇదే.

నాలుగు ట్రాకులు, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెడితే గంటకు రెండు జీబీ పైచిలుకు పడుతుంది. ఫోను నిండిపోతుందని దాన్ని చెరిపేసి రెండు ట్రాకుల కాపీ దాచుకోవద్దు. రెండునుంచి నాలుగుకు తిరుగుదారి లేదని చెప్పాను. నాలుగునుంచి రెండుకు ఎప్పుడైనా, ఏ లెక్కతోనైనా రావచ్చు, రేపు ఇంకో మంచి లెక్క వస్తే దానితోనూ రావచ్చు. పంపించేటప్పుడు బిట్‌రేటు మరీ తగ్గించొద్దు. తక్కువ బిట్‌రేటులో కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండు ట్రాకుల ఫేజ్ తేడాను అనవసరపు సరుకని పారేస్తాయి. మనం దిక్కు దాచిపెట్టింది సరిగ్గా అక్కడే.

ఎక్కడికైనా పంపే ముందు ఒకసారి మోనో బొత్తాం నొక్కి మొత్తం వినండి. చెక్కలు ఎక్కడైనా మాయమవుతున్నాయా, రాగం తీసే ముసలాయన ఉన్నాడా చూసుకోండి. ఉన్నాడంటే పంపించండి, లేడంటే లెక్క మార్చండి.

ఇంకొక్క మాట. రికార్డింగ్ మొదలుపెట్టగానే మైకు ముఖం ఏ దిక్కుకు పెట్టారో మీ గొంతుతోనే చెప్పండి. ముందు గుడి, ఎడమ పక్క రచ్చకట్ట, వెనక చెరువు అని. పదేళ్ళ తర్వాత ఆ ఫైలును తెరిచేవాళ్ళకు మీరు గుర్తుండరు, ఊరు గుర్తుండదు. చెరువు ఏ వైపుందో తెలిస్తే మిగిలినదంతా వాళ్ళే కట్టుకుంటారు.